రోళ్ళు పగిలే ఎండలో పురుగు ఏం చేస్తుంది?

మే నెలలో మా అమ్మ డాబా మీద పాత చీర పరిచి పెసలు ఎండబోస్తుంది. పుచ్చు పట్టిన పెసలు. పదకొండింటికి పోస్తే పావుగంట తిరక్కుండానే గింజల సందుల్లోంచి గోధుమరంగు పెంకుపురుగులు ఒక్కొక్కటే పైకి వస్తాయి. మొదట తీరిగ్గానే నడుస్తాయి, కాసేపటికి పరుగు మొదలవుతుంది. చీర అంచు దాకా వచ్చి కొన్ని వెనక్కి తిరుగుతాయి. అంచు దాటితే సిమెంటు, అది ఇంకా మాడ్చేస్తుంది మరి. తెగించి దాటినవి జానెడు దూరం పోయి వెల్లకిలా పడతాయి. పిట్టగోడ పక్కన బెత్తెడు నీడ ఉండే మూల ఒకటుంది. అక్కడికి చేరినవి మాత్రం గోడ పగుల్లో దూరి కనపడకుండా పోతాయి. గింజ లోపలున్న పిల్లపురుగుకి ఆ అవకాశం కూడా లేదు. గింజ 57 డిగ్రీలకు వేడెక్కి గంటసేపు అలాగే ఉంటే అది లోపలే చచ్చిపోతుంది.

ఎండ చూపిస్తే పురుగు పోతుందని వంటింట్లో అందరికీ తెలుసు. పొలంలోనూ ఇదే ఉపాయం. వేసవి దుక్కులు లోతుగా దున్నమని వ్యవసాయ శాఖ వాళ్ళు ఏటా చెప్పేది ఇందుకే. మట్టి అడుగున కోశస్థ దశలో, అంటే పిల్లపురుగు రెక్కలపురుగుగా మారే దశలో, నిద్రపోతున్న పురుగులు పైకొచ్చి పడతాయి. సగం ఎండకి మాడతాయి, మిగిలినవాటి సంగతి ట్రాక్టరు వెనకే నడిచే కొంగలు చూసుకుంటాయి.

అయితే భూమి ఇంకా వేడెక్కితే పురుగుల పీడ విరగడవుతుందా? చాలామంది అడిగే ప్రశ్నే ఇది. జవాబు అంత సూటిగా ఉండదు. పెసల్లో పురుగు ఎందుకు చచ్చిందో, గోడ పగుల్లో దూరినది ఎందుకు బతికిందో తెలిస్తే తప్ప తల తోకా దొరకదు.

టీవీలో రెంటచింతలలో 45 డిగ్రీలు అని చెప్పేది నీడలో, సుమారు మనిషి ఎత్తున పెట్టిన థర్మామీటరు లెక్క. పురుగు ఉండేది అక్కడ కాదు. అదే మధ్యాహ్నం ఎండిన నల్లరేగడి పైపొర 60 దాటడం మామూలే. మనిషి ఒంట్లో అయితే బయట ఎంత ఉన్నా 37 దగ్గరే ఉంచడానికి చెమట ఉంది, రక్తప్రసరణ ఉంది, మోయడానికి లీటర్ల కొద్దీ నీళ్ళున్నాయి. చీమ ఒంట్లో ఉన్న నీరు మొత్తం కలిపినా ఒక్క బొట్టుకి రాదు. దాన్ని చెమటగా పోస్తే చల్లబడేలోపే ఎండిపోతుంది. పైగా ఒళ్ళు ఎంత చిన్నదైతే అంత త్వరగా వేడెక్కుతుంది. గుండిగలో నీళ్ళు కాగడానికి అరగంట, చెంచాలో నీళ్ళకి అరనిమిషం. పురుగుది చెంచా బతుకు. ఒంటిమీద మైనపు పూత ఒకటి ఉంటుంది, లోపలి తడి బయటికి పోకుండా కాపాడేది అదే. వేడి ఒక హద్దు దాటితే ఆ మైనం మెత్తబడి తడి ఆవిరవడం మొదలవుతుంది. చాలా రకాల పురుగులకి 40కీ 50కీ మధ్య ఎక్కడో ఒకచోట కాళ్ళు పడిపోతాయి.

అందుకే పురుగుల విద్యంతా తప్పించుకోవడంలోనే ఉంది. చిన్న ఒళ్ళు వల్ల నష్టం ఎంతో, లాభమూ అంతే. మనకి చల్లటి చోటు కావాలంటే ఇంకో ఊరు వెళ్ళాలి, పురుగుకి ఆకు అడుగు చాలు. ఆకు తనలోని నీటిని ఆవిరి చేస్తూ తనను తాను చల్లబరచుకుంటుంది కాబట్టి దాని అడుగున ఒక చిన్న చలివేంద్రం ఉన్నట్టే. మట్టిలో జానెడు లోతుకి పోతే పైపొర వేడి అందదు. చీమలు వేసవిలో మధ్యాహ్నం షిఫ్టు ఎత్తేసి పొద్దున, సాయంత్రం రెండు పూటలే పనిచేస్తాయి. సీతాకోకచిలుక రెక్కలు ముడిచి, అంచు సూర్యుడి వైపు ఉండేలా తిరిగి కూచుంటుంది.

చెరువు గట్టున తూనీగని మిట్టమధ్యాహ్నం ఎప్పుడైనా గమనించారా? రెల్లు కొస మీద వాలి, తోకని నిలువునా ఆకాశానికి ఎత్తి పెడుతుంది. తలకిందులుగా నిలబడ్డట్టు ఉంటుంది చూడటానికి. చిన్నప్పుడు అది ఏదో విన్యాసం చేస్తోందనుకునేవాళ్ళం. తోక కొస సూర్యుడి వైపు తిరిగి ఉంటే ఎండ పడే ఒళ్ళు తగ్గుతుంది, సంగతి అంతే. మిట్టమధ్యాహ్నం మీ నీడ ఎందుకు పొట్టిదవుతుందో తూనీగ తోకెందుకు లేస్తుందో రెండూ ఒకటే లెక్క.

దక్షిణాఫ్రికా పేడపురుగుది ఇంకా తమాషా. పేడ ఉండని దొర్లించుకుంటూ కాలిపోయే నేల మీద పోతుంటే మధ్యమధ్యలో ఉండ మీదికి ఎక్కి కాసేపు నిలబడుతుంది. పేడలో తడి ఉంటుంది కాబట్టి ఉండ చల్లగా ఉంటుంది, పురుగు దాని మీద కాళ్ళు చల్లార్చుకుంటుంది. ఇది ఊహ కాదని తేల్చడానికి పరిశోధకులు కొన్ని పురుగుల ముందుకాళ్ళకి సిలికాన్ పూసి బూట్లలాంటివి తొడిగారు. బూట్లున్నవి ఉండ ఎక్కడం బాగా తగ్గించేశాయి. 2012లో వచ్చిన ఈ పరిశోధన గురించి చదివినప్పుడు, ఆ బూట్లు తొడిగినవాళ్ళ ఓపికకి దణ్ణం పెట్టాలనిపించింది.

మన నగరాల్లో మలేరియా మోసే అనాఫిలిస్ స్టీఫెన్సీ దోమకి ఎండ కంటే ముందు మన రక్తమే వేడి. 37 డిగ్రీల రక్తాన్ని నిమిషం రెండు నిమిషాల్లో కడుపు నిండా తాగితే ఒళ్ళు ఒక్కసారిగా వేడెక్కాలి. అది తాగుతూనే వెనకనుంచి ఒక బొట్టు బయటికి వదిలి అలాగే పట్టుకుని ఉంచుతుంది. ఆ బొట్టు ఆవిరవుతూ దాన్ని చల్లబరుస్తుంది. చెమట పట్టదన్న పురుగు చెమటకి దారి వెతుక్కుంది. ఊరికే దొరికే ద్రవం ఉంది కాబట్టే ఈ విలాసం. అమెరికా ఎడారిలోని ఒక రకం ఇలకోడి చెట్టు రసం పీలుస్తూనే ఒంటి రంధ్రాల్లోంచి నీరు వదిలి, గాలి కంటే కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది. దానికీ చెట్టు అనే బోరుబావి దొరికింది.

ఇక ఎండలోకి కావాలని వెళ్ళే పురుగు ఒకటుంది. సహారా ఎడారి వెండిచీమ. ఇసుక 60 దాటి 70కి పోతున్నప్పుడు, మిగతా జీవులన్నీ కన్నాల్లో దూరాక, అది గూట్లోంచి బయటికి వస్తుంది. తనను తినే బల్లులు అప్పటికి వేడి భరించలేక లోపలికి పోయి ఉంటాయి, ఎండదెబ్బకి చచ్చిన పురుగులు ఇసుక మీద పడి ఉంటాయి. బల్లి బయట తిరగలేనంత వేడి, తను చావనంత వేడి, ఈ రెండింటి మధ్య సందు చాలా ఇరుకు. ఒంటి వేడి 53 దాటితే చీమకి కూడా ఆఖరే. రోజు మొత్తంలో అది బయట తిరిగేది కొద్ది నిమిషాలు మాత్రమే.

ఆ కొద్ది నిమిషాల కోసం దాని ఏర్పాట్లు చూడండి. ఒంటి మీద వెండిలా మెరిసే వెంట్రుకలు ఒక్కోటీ అడ్డకోతలో త్రికోణంలా ఉంటాయి. ఎండ వాటి లోపలికి పోయి అద్దంలో తగిలినట్టు తిరిగి బయటికే వచ్చేస్తుంది. అవే వెంట్రుకలు ఒంట్లోని వేడిని పరారుణ కిరణాల రూపంలో బయటికి వదిలేయడానికీ సాయపడతాయి. 2015లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ఇది. కాళ్ళు పొడుగు, ఎందుకంటే నేలకి కొన్ని మిల్లీమీటర్లు పైకి లేస్తే చాలు గాలి చాలా డిగ్రీలు తగ్గుతుంది. పరుగు సెకనుకి 85 సెంటీమీటర్లు, అంటే దాని ఒంటి పొడవుకి వంద రెట్లకు పైనే. మధ్యలో గడ్డిపరక దొరికితే ఎక్కి ఒళ్ళు చల్లార్చుకుని మళ్ళీ దూకుతుంది.

వీటన్నిటికంటే నాకు ఆశ్చర్యంగా అనిపించేది ఇంకొకటి. ఎండలోకి రాకముందే, చల్లటి గూట్లో ఉండగానే, దాని కణాల్లో ఒక రకం ప్రొటీన్లు సిద్ధంగా ఉంటాయి. మిగతా జీవులు దెబ్బ తగిలాక మందు వెతుక్కుంటే, ఇది మందు వేసుకుని దెబ్బకి బయలుదేరుతుంది.

ఆ మందు కథ ఒక చిన్న పొరపాటుతో మొదలైంది. ఇటలీ శాస్త్రవేత్త ఫెరూచ్చో రిటోసా అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగల మీద పనిచేసేవాడు. ఒకరోజు తోటి ఉద్యోగి ఎవరో ఇంక్యుబేటర్ వేడి పెంచేశారు. పాడైపోయాయనుకోవాల్సిన కణాల్ని ఆయన మైక్రోస్కోపులో పెట్టి చూస్తే, క్రోమోజోముల మీద ఎప్పుడూ లేనిచోట ఉబ్బులు కనిపించాయి. అంటే వేడి తగలగానే కొన్ని జన్యువులు ఉలిక్కిపడి లేచాయన్నమాట. ఇందులో జీవశాస్త్రానికి పనికొచ్చేదేమీ లేదని ఒక పత్రిక తిప్పి పంపింది. చివరికి 1962లో వేరేచోట అచ్చయింది. ఆ జన్యువులు తయారుచేసేవే హీట్ షాక్ ప్రొటీన్లు. బాక్టీరియా నుంచి మనిషి దాకా వీటిలాంటివి అందరిలోనూ ఉన్నాయని తర్వాత తేలింది.

అవి చేసే పని ఏమిటంటే మడతలు కాపాడటం. ప్రొటీన్ అంటే పొడుగాటి గొలుసు, అది సరైన తీరులో మడతపడి ఉంటేనే పని చేస్తుంది. వేడికి మడత విడిపోయి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కోడిగుడ్డు ఉడికితే తెల్లసొన గట్టిపడేది ఇలాగే, మళ్ళీ వెనక్కి రాదు. హీట్ షాక్ ప్రొటీన్లు విడిపోతున్న మడతల్ని పట్టుకుని, అతుక్కోకుండా చూసి, మళ్ళీ సర్దుతాయి. కానీ ఊరికే కాదు. ఆ సమయంలో కణం మిగతా పనులు చాలావరకు ఆపేస్తుంది. పెళ్ళింట్లో మంట లేచినట్టు, వంటవాళ్ళూ మేళగాళ్ళూ అందరూ బిందెలు పట్టుకోవాల్సిందే. రోజూ మంటలే అయితే ఇక పెళ్ళి ఎప్పుడు జరుగుతుంది?

వడగాడ్పులు పురుగుల్ని నిజంగా దెబ్బతీసేది ఇక్కడే. ఎంత వేడికి చస్తుంది అనే అంకె చుట్టూ మనం తిరుగుతుంటాం. దానికంటే ఎన్నో డిగ్రీల కిందే ఇంకో హద్దు ఉంది, అక్కడ పురుగు బతికే ఉంటుంది కానీ పిల్లలు పుట్టరు. మన రవ్వలో, గోధుమపిండిలో కనిపించే ఎర్ర పిండిపురుగు మీద ఇంగ్లండ్‌లో చేసిన పరిశోధన 2018లో వచ్చింది. అయిదు రోజుల వడగాడ్పుని ల్యాబులో సృష్టించి మగపురుగుల్ని అందులో ఉంచారు. సంతాన సామర్థ్యం సగానికి పడిపోయింది. కొన్నాళ్ళ తర్వాత అదే మగవాటికి రెండో వడగాడ్పు తగిలిస్తే దాదాపు వట్టిపోయాయి. ఆడపురుగులు కడుపులో దాచుకున్న వీర్యం కూడా దెబ్బతింది. గుర్తుంచుకోవాల్సిందేమిటంటే ఇది చలిదేశపు సుకుమారం కాదు, వేడికి అలవాటుపడ్డ పురుగు. 2021లో 43 రకాల పండు ఈగల మీద చేసిన ఇంకో పరిశోధనలో దాదాపు సగం రకాల మగఈగలు, ప్రాణం పోయే వేడి కంటే తక్కువ వేడికే వంధ్యత్వానికి గురయ్యాయి. ఏ రకం ఏ ప్రాంతంలో బతుకుతోందో చెప్పడానికి చావు హద్దు కంటే ఈ సంతానం హద్దే బాగా సరిపోయింది.

2021 జూన్ చివర కెనడాలోని లిట్టన్ అనే చిన్న ఊళ్ళో 49.6 డిగ్రీలు నమోదైంది. ఆ రోజుల్లో ఆ రాష్ట్రంలో తేనెటీగలు పెంచేవాళ్ళకి పెట్టెల ముందు మగఈగలు గుట్టలుగా చచ్చి కనిపించాయి. ఒక్కోదానికీ జననాంగం బయటికి పొడుచుకొచ్చి ఉంది. వేడి తాకిడికి ఒళ్ళంతా బిగుసుకుపోయి అలా అయింది. మగఈగల్ని 42 డిగ్రీల్లో ఆరు గంటలు ఉంచితే సగం చచ్చిపోతాయని అక్కడివాళ్ళే లెక్క తేల్చారు.

అదే తుట్టెలో పనిఈగల సంగతి వేరు. పిల్లలున్న భాగాన్ని అవి 34, 35 డిగ్రీల దగ్గర నిలబెడతాయి. బయట ఎండ పెరిగితే కొన్ని నీళ్ళకి పోతాయి. తెచ్చిన నీటిని గూట్లో ఉన్నవి అందుకుని గదుల అంచులకి పలచగా పూస్తాయి, మరికొన్ని వరసగా నిలబడి రెక్కలతో విసురుతాయి. తడి గోనెపట్టాలు కట్టి ఫ్యాన్ వేసిన కిటికీ ఎలా పనిచేస్తుందో ఇదీ అంతే. ఎండాకాలం కుళాయి కింద, కుండ చెమ్మ మీద వాలే తేనెటీగలు దాహానికి వచ్చినవి కావు, ఎక్కువభాగం ఇంటికి నీళ్ళు మోస్తున్నవే. వేడి లెక్క వీటికి ఎంత కచ్చితంగా తెలుసంటే, జపాన్‌లో మన పుట్టతేనె జాతి ఈగలే గూటి మీదికి వచ్చిన పెద్ద కందిరీగని వందల కొద్దీ చుట్టుముట్టి, కండరాలు అదిలించి ఆ ముద్ద మధ్య వేడిని 46 డిగ్రీల దాకా తీసుకుపోతాయి. కందిరీగ చస్తుంది, ఈగలు చావవు. మధ్యలో ఉన్న తేడా రెండు మూడు డిగ్రీలు మాత్రమే.

చెదపుట్టని చాలామంది సహజమైన ఏసీ అంటారు, నాకైతే ఆ పోలిక అంత నచ్చదు. మన దగ్గర పొలం గట్ల మీద లేచే ఒడొంటోటెర్మిస్ ఒబీసస్ పుట్టల్ని దక్షిణ భారతంలోనే కొలతలు వేసి చూశారు, ఆ పరిశోధన 2015లో వచ్చింది. చల్లదనానికి ముఖ్యకారణం గూడు నేలలో ఉండటమే. పుట్ట చేసేది ఊపిరి తీయడం. పగలు పుట్ట పైఅంచుల్లోని సన్నటి గొట్టాలు ముందు వేడెక్కి గాలి వాటిగుండా పైకి, నడిమి గొట్టంలోంచి కిందికి తిరుగుతుంది. రాత్రి అంచులు ముందు చల్లబడతాయి, గాలి తిరగబడుతుంది. అలా లోపల పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. మొత్తం యంత్రం పగటికీ రాత్రికీ ఉన్న తేడా మీద నడుస్తోంది.

ఆ తేడాయే చాలాచోట్ల తగ్గుతోంది. గత కొన్ని దశాబ్దాల్లో భూమి మీద చాలా ప్రాంతాల్లో పగటి కంటే రాత్రి వేడే ఎక్కువగా పెరిగింది. వార్తల్లో రాత్రి ఉష్ణోగ్రతకి విలువ తక్కువ, పురుగుకి ఎక్కువ. పగలు విడిపోయిన మడతలు సర్దుకునేది, పోయిన తడి తిరిగి తెచ్చుకునేది, కాసేపు మేసేది అప్పుడే. చైనాలో గోధుమ పేనుబంక మీద చేసిన పరిశోధనలో పగటి వేడి అలాగే ఉంచి రాత్రి వేడి ఒక్కటే పెంచితే బతికేవి తగ్గాయి, పుట్టే పిల్లలూ తగ్గాయి. పేనుబంకకి ఇంకో బలహీనత ఉంది. అది పీల్చే రసంలో లేని పోషకాలు కొన్ని దాని ఒంట్లో కాపురముండే బుచ్‌నెరా అనే బాక్టీరియా తయారుచేసి పెడుతుంది. పేనుబంక తట్టుకున్న వేడికి కూడా ఈ అద్దెకున్నవాళ్ళు చచ్చిపోవచ్చు. ఇల్లు నిలిచింది, వంటమనిషి పోయాడు.

మరి మన ప్రాంతం మాటేమిటి? వేడి దేశం పురుగు వేడికి అలవాటు పడి ఉంటుంది కదా అనిపిస్తుంది. 2008లో వచ్చిన ఒక విశ్లేషణ ఈ ఊహని తిరగేసింది. చలిదేశాల పురుగులు తమకి హాయిగా ఉండే వేడికి చాలా కింద బతుకుతున్నాయి, కొంచెం పెరిగితే వాటికి లాభమే. ఉష్ణమండలం పురుగులు ఇప్పటికే ఆ హాయికి దగ్గరగా, అంచు మీద ఉన్నాయి. పెరిగేది తక్కువ డిగ్రీలే అయినా దెబ్బ వీటికే ఎక్కువ.

2018లో లెక్కగట్టిన ఇంకో అంచనాలో భూమి వేడి ఒక్కో డిగ్రీ పెరిగితే వరి, గోధుమ, మొక్కజొన్నల్లో పురుగుల వల్ల జరిగే నష్టం 10 నుంచి 25 శాతం పెరుగుతుందన్నారు. పురుగు ఒళ్ళు వేడెక్కితే ఆకలి పెరుగుతుంది, తరాలు త్వరత్వరగా మారతాయి. ఇందులో గోధుమ పండే చల్లటి ప్రాంతాలకి దెబ్బ ఎక్కువ. వరికి మరీ వేడైతే పురుగుకే ఇబ్బంది కాబట్టి ఒక దశ తర్వాత నష్టం పెరగడం ఆగుతుంది. మన సుడిదోమ 25, 30 డిగ్రీల మధ్య విజృంభిస్తుంది, ఆ పైన నీరసిస్తుంది. కానీ దాన్ని తినే మిత్రపురుగులూ అదే పొలంలో అదే వేడిలో ఉన్నాయని మరవకూడదు. తామరపురుగులు, తెల్లదోమ, నల్లి వంటి వాటికి బెట్ట వాతావరణమే పండగని మిరప రైతునీ పత్తి రైతునీ అడిగితే చెబుతారు. నల్లి నిజానికి పురుగు కూడా కాదు, ఎనిమిది కాళ్ళ సాలీడు బంధువు. ఆ మాటకొస్తే తొలకరికి నేల మీద ముఖమల్ ముక్కలా కనిపించే ఆరుద్ర పురుగుదీ అదే వంశం.

అలాగని ప్రతి దెబ్బకీ ఎండనే తిట్టడం సరికాదు. 2021లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ మిరప తోటల్ని నాశనం చేసిన నల్ల తామరపురుగు ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పరాయి రకం. మన దేశంలో మొదట బొప్పాయి మీద కనిపించింది. అది వేడి తెచ్చిన అతిథి అనడానికి లేదు.

తప్పించుకోవడం పూర్తిగా మరిచిపోయిన పురుగు కూడా మనకి తెలిసినదే. హిందూపురం వైపు షెడ్లలో పెంచే పట్టుపురుగు వేల ఏళ్ళు మనిషి చేతిలో పెరిగి నీడ వెతుక్కోవడం మానేసింది. మల్బరీ ఆకు పెట్టినచోటే ఉంటుంది. చివరి దశలో దానికి కావాల్సింది 25 డిగ్రీల లోపు. అందుకే ఏప్రిల్ వచ్చిందంటే పారిపోయే పని రైతే చేస్తాడు. కిటికీలకి గోనెపట్టాలు కట్టి గంటగంటకీ తడుపుతాడు, కప్పు మీద కొబ్బరిమట్టలు పరుస్తాడు, మేత చల్లటి పూటలకి మార్చుకుంటాడు. ఏడాదికి రెండు తరాలు వచ్చే బైవోల్టిన్ రకాలు ఇంకా సున్నితం.

దాని అడవి చుట్టం దసలి పట్టుపురుగు మహదేవపూర్ అడవుల్లో మద్ది చెట్ల మీద పెరుగుతుంది. దీని పద్ధతి వేరు. వానాకాలం, చలికాలం పంటలు అయ్యాక కాయ అల్లుకుని లోపల నిద్రపోతుంది. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా తిండి లేదు, కదలిక లేదు. పెంపకందారులు ఆ పట్టుకాయల్ని దండలుగా గుచ్చి గాలి ఆడే గదుల్లో వేలాడదీస్తారు. మిరుగు చినుకులు పడి గాలిలో తేమ పెరిగితే రెక్కలపురుగు కాయ కొస మెత్తబరుచుకుని బయటికి వస్తుంది. ఆ నాలుగు నెలలూ గది మరీ కాగిపోతే రాదు. అలాంటి కాయ చూడటానికి మిగతావాటిలాగే ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంటుంది.